గోదావరీ మండలమున సంగీతరచనా శిక్షణము: ఏకశిష్య పాఠమునుండి విశ్వవిద్యాలయము వఱకు

మన సంగీత చరిత్రగ్రంథములందు వాగ్గేయకారుల జననకాలములు, ముద్రలు, కృతుల పట్టికలు, శిష్యపరంపరలు విరివిగా కన్పట్టును. ఒక ప్రశ్నకు మాత్రము వానియందు సమాధానము అరుదుగా లభించును. వాగ్గేయకారుడు పాడుట నెవరివద్ద నేర్చెనో తెలియును. రచించుట నెవరివద్ద, ఏ తీరున నేర్చెనో తెలియదు. తొలి కృతిని వినిపించినప్పుడు గురువు దేనిని తీసివేయుమనెను, దేనిని నిలుపుమనెను, ఏ సంగతి అనవసరమనెను, ఏ మాట తాళమున విఱిగినదనెను అను విషయములు మనకు దక్కలేదు. ఫలము మిగిలినది, కృషి మఱుగుపడినది. 20వ శతాబ్దిలో గోదావరీ మండలమున జన్మించిన కొందఱు రచయితల విద్యాభ్యాసమును ఈ దృష్టితో పరిశీలించి, ఏకశిష్య పాఠమునకు విశ్వవిద్యాలయమున ఎట్టి స్థానము తగునో విచారించుట ఈ వ్యాసమునకు లక్ష్యము.

ముందుగా రచయిత యనగా ఎవరో మన లాక్షణికులు చెప్పిన మాటను స్మరింపవలెను. 13వ శతాబ్దివాడైన శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరమున వాక్కును మాతువనియు, గేయమును ధాతువనియు పేర్కొని, ఆ రెంటిని కూర్చువానిని వాగ్గేయకారుడనెను. ఉత్తమ వాగ్గేయకారునకు ఆయన విధించిన లక్షణములలో రాగతాళ జ్ఞానమొక్కటియే గాక వ్యాకరణ జ్ఞానము, నిఘంటు పరిచయము, ఛందోభేదముల ఎఱుక, అలంకార రసభావముల తెలివియు కలవు. కావున సంగీతరచనా విద్యలో సగము భాషా సాహిత్య విద్యయే. తెలుగు శాఖకు ఈ విషయముతో సంబంధమేమి యని ప్రశ్నించువారికి ఇదియే ప్రత్యుత్తరము.

పాశ్చాత్య దేశములలో సంగీతరచన పేరుగల ప్రత్యేక పాఠ్యవిషయముగా ఎన్నడో నిలిచినది. 1725లో వియన్నా నగరమున యోహాన్ యోసెఫ్ ఫుక్స్ లాటిన్ భాషలో ప్రకటించిన 'గ్రాదుస్ అద్ పర్నాస్సుం' అను రచనాపాఠ గ్రంథము గురుశిష్యుల సంభాషణ రూపమున నడచును. శిష్యుడు అభ్యాసమును వ్రాసి చూపును. గురువు దోషమును చూపి, కారణము చెప్పి, మరల వ్రాయించును. అచ్చులోనికెక్కిన రచనాపాఠముకూడ ఒక గురువు, ఒక శిష్యుడు అను చట్రమును విడువలేదు. 20వ శతాబ్దిలో పారిసునందు నాదియా బులాంజే చెప్పిన పాఠములకు దేశదేశముల నుండి విద్యార్థులు వచ్చిరి. అమెరికా రచయిత ఆరన్ కోప్లండ్ 1921లో ఆమె శిష్యుడయ్యెను. నేడు ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయములందు ఉన్నత సంగీతరచన నేర్చు విద్యార్థికి సాధారణముగా వారమున కొకమాఱు ఆచార్యునితో ఏకాంత పాఠముండును. విద్యార్థి ఆ వారము వ్రాసిన పుటలను ముందుంచును. ఆచార్యుడు ఆ పుటలనే పాఠముగా గ్రహించును. అందఱికి ఉమ్మడియైన పాఠము తరగతి గదిలోను, ఒక్కొక్కరి లోపమునకు తగిన పాఠము ఏకాంతమునను జరుగునని దీని సారాంశము.

మన దేశమున ఏకశిష్య పాఠమునకు కొఱత లేదు. గురుకులమే దానికి ఆధారము. ఐనను ఆ పాఠమున రచన అను పేరు వినబడదు. శిష్యుడు స్వరావళులు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు వరుసగా నేర్చును. పిదప రాగాలాపనము, నెరవు, స్వరకల్పనము అభ్యసించును. వీనిలో కొన్ని వందల కృతులు కంఠస్థములైన తరువాత, లోపల ఊట యున్నవాడు తానొక కృతిని కట్టును. గురువు విని సమ్మతించుటయో, సవరించుటయో, మౌనము వహించుటయో జరుగును. ఆ మౌనముకూడ పాఠమే. రచనా శిక్షణము ఇట్లు గానశిక్షణమున కడుపులో దాగియున్నందుననే చరిత్రకారుని కంటికి చిక్కదు.

ఈ విద్యకు గోదావరీ మండలమున ఆశ్రయము దొరకుటకు కారణములు స్పష్టముగానున్నవి. 1847 మొదలు 1852 వఱకు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యవమున ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టబడినది. కాలువలు పాఱిన సీమలో పంటలతోపాటు పట్టణములు, సభలు, సత్రములు పెరిగినవి. పిఠాపురము వంటి సంస్థానములు పండితులను, వైణికులను పోషించినవి. పిఠాపుర సంస్థాన వైణికులైన తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణను విని రవీంద్రనాథ ఠాకూరు ఆయనను శాంతినికేతనమునకు ఆహ్వానించెను. నూతనముగా రూపొందుచున్న విద్యాసంస్థ యొకటి గోదావరీ ప్రాంతపు గురువును వెదకికొనిన సందర్భముగా ఈ విషయము స్మరణీయము. కాకినాడలో 20వ శతాబ్ది తొలినాళ్ల నుండి నడచిన సరస్వతీ గానసభ దక్షిణ దేశ విద్వాంసుల కచేరీలను ఈ ప్రాంతమువారికి వినిపించినది. రచయితకు గురువెంత అవసరమో, వినికిడి అంత అవసరము. సభలు ఆ రెండవ అవసరమును తీర్చినవి.

రచనాభ్యాసమునకు మొదటి ఉదాహరణము శ్రీ మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిది. ఆయన 1930 జూలై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువాదకులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ నెఱిగినవారు. తల్లి ఆయన శైశవముననే గతించెను. బాలుని తండ్రి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించిరి. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు కృష్ణా మండలము నుండి తంజావూరు సీమకేగి మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారివద్ద అభ్యసించినవారు. వెంకటసుబ్బయ్యగారు త్యాగరాజస్వామికి సాక్షాచ్ఛిష్యులు, బంధువులు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి. అప్పటినుండి ఒక శతాబ్దికి లోపుగానే, ముగ్గురు గురువుల చేతులమీదుగా, ఆ విద్య శంకరగుప్తపు బాలుని చేరినది.

పదునైదేండ్ల వయస్సు నాటికే బాలమురళీకృష్ణగారు 72 మేళకర్త రాగములందును కృతులు రచించిరని ప్రసిద్ధి. అవి 'జనకరాగ కృతిమంజరి' యను పేర 1952లో అచ్చయినవి. ఈ కార్యమును ప్రతిభా నిదర్శనముగా పొగడుట పరిపాటి. విద్యాభ్యాస దృష్టితో చూచినచో ఇందు మఱొక విశేషము గోచరించును. మేళకర్తలు రెండు మధ్యమములు, ఆరు రిషభ గాంధార జంటలు, ఆరు ధైవత నిషాద జంటలు కలియగా ఏర్పడిన 72. వీనిలో 40 వివాది మేళములు. వానియందు పూర్వకృతులు మిక్కిలి తక్కువ. తోడి, కల్యాణి, శంకరాభరణములందువలె చెవిలో నిలిచిన వందల సంగతులు అక్కడ తోడు రావు. విన్నదానిని తిరిగి చెప్పి గట్టెక్కు మార్గము ఆ రాగములలో మూయబడియుండును. కనకాంగి మొదలు రసికప్రియ వఱకు ఒక్కొక్క రాగమునకు ఒక్కొక్క రూపమును తానే కల్పింపవలసిన అభ్యాసకుడు, జ్ఞాపకమునకును కల్పనమునకును గల భేదమును 72 మాఱులు ఎదుర్కొనును. తమిళమున కోటీశ్వరయ్యరుగారు అంతకుముందే ఈ మార్గమున నడచిరి. పిదప బాలమురళీకృష్ణగారు నాలుగు స్వరములతోనే మహతి, లవంగి వంటి రాగములను కల్పించుట ఆ తొలి పరిశ్రమకు కొనసాగింపుగా భావింపవచ్చును. ఐనను పంతులుగారు ఆ కృతులను విన్నప్పుడు ఏ చోట ఏ సవరణ సూచించిరో తెలుపు ప్రతి ఒకటి మన చేతనున్నచో, అది ముద్రిత గ్రంథముకంటె విద్యార్థికి ఎక్కువ నేర్పియుండును.

రెండవ ఉదాహరణము వీణా సంబంధి. శ్రీ ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామమున జన్మించిరి. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారే గురువు. ఇల్లే పాఠశాలయైనచోట పాఠమునకు వేళ యనునది లేదు. తండ్రి వాయించునప్పుడు వినుట, తాను వాయించునప్పుడు తండ్రి వినుట అను రెండు పనులు దినమంతయు సాగును. శంకరశాస్త్రిగారు మదరాసున జెమినీ స్టూడియోలో పనిచేసి, పిదప ఆకాశవాణిలో ప్రవేశించి, ఢిల్లీలో జాతీయ వాద్యబృందమునకు రచయితగాను నిర్వాహకుడుగాను ఉండిరి. ఏకాంతమున ఒక్క వీణపై నేర్చిన విద్య, పలు వాద్యములకు భాగములు పంచి వ్రాయు పనికి పెరిగినది. ఆయన శిష్యులలో ప్రసిద్ధులు 1936లో కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారు. చిట్టిబాబుగారి 'కొమ్మలో కోయిల' యను వీణారచన పామరులకుకూడ పరిచితము. వీణారచనలో మాతువు లేదు. పదముల ఆసరా లేక ధాతువే భావమును మోయవలెను. గురువు గమకమునందు అనుమతించిన స్వేచ్ఛ ఎంత, నిషేధించిన హద్దు ఎక్కడ అను విషయమే అక్కడ రచనాపాఠము. ద్రాక్షారామము నుండి కాకినాడకు దూరము స్వల్పము. ఆ పాఠము మాత్రము మదరాసు, ఢిల్లీలు తిరిగిన అనుభవముతో పెరిగి శిష్యుని చేరినది. గురువుగారి వీణలో లేని రచనామార్గమును శిష్యుడు త్రొక్కినను గురువుగారి స్వరస్థానశుద్ధి వీడలేదని విన్నవారెఱుగుదురు.

మూడవ ఉదాహరణము కళాశాలకును ఏకాంత పాఠమునకును గల సంబంధమును తేటపఱచును. శ్రీ నేదునూరి కృష్ణమూర్తిగారు 1927లో పిఠాపురమునకు చేరువనున్న కొత్తపల్లిలో జన్మించిరి. విజయనగరమున మహారాజావారు 1919లో స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిను బోధించి, పిదప అధ్యక్షులైరి. కృష్ణమూర్తిగారు 1940లో ఆ కళాశాలలో ప్రవేశించి ద్వారం నరసింగరావునాయుడుగారివద్ద గాత్రమును, వయొలినును అభ్యసించిరి. కళాశాల విద్య ముగిసిన తరువాత, ఆకాశవాణిలో పాడుచున్న దినములలోనే, 1949 నుండి శ్రీ శ్రీపాద పినాకపాణిగారి శిష్యత్వము వహించిరి. పినాకపాణిగారు వృత్తిచే వైద్యులు, వైద్యకళాశాలలో ఆచార్యులు. సంగీతమున వందల కృతులకు స్వరలిపి కూర్చి 'సంగీత సౌరభము' సంపుటములుగా అందించినవారు. ఆ స్వరలిపిలో గమకములుకూడ గుర్తింపబడుట గమనింపదగినది. చెవికి మాత్రమే అందునది యనుకొను సూక్ష్మమును కాగితముపై నిలుపవచ్చునని ఆయన నమ్మిరి. కళాశాల విద్య పునాది వేసినది. పాట తీర్చిదిద్దుకొనుటకు ఒక వ్యక్తి ఎదుట ఒక వ్యక్తి కూర్చుండవలసివచ్చినది.

కృష్ణమూర్తిగారి రచనాశక్తి అన్నమాచార్య సంకీర్తనముల స్వరకల్పనమున వ్యక్తమైనది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనములు తిరుమల రాగిరేకులయందు దొరకినవి. రేకులపై రాగనామము కలదు, స్వరము లేదు. కొండమలహరి, అమరసింధు వంటి రాగములు వాడుక తప్పినవి. కావున స్వరకర్త మాతువును చేతబట్టుకొని ధాతువును వెదకవలెను. ఈ పనికి మార్గము చూపినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధకులు. 1974లో సంగీత కళానిధి బిరుదము నందిరి. తెలుగు పాఠము చెప్పు పండితుడే స్వరకర్తయగుట యాదృచ్ఛికము కాదు. సంకీర్తనమున పదము విఱిగిన అర్థము విఱుగును. పాదమున రెండవ అక్షరమున ప్రాస పడుచోటు తాళముయొక్క ఎత్తుగడతో పొందిక చెందకున్న చెవికి ప్రాస వినబడదు. హ్రస్వమును అనవసరముగా సాగదీసినచో మఱొక మాట పుట్టును. ఈ దోషములను పట్టువాడు వ్యాకరణము, ఛందస్సు ఎఱిగియుండవలెను, సవరించువాడు రాగమెఱిగియుండవలెను. కృష్ణమూర్తిగారు కూర్చిన స్వరములలో కొన్నింటిని ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడగా దేశమంతయు విన్నది. ఆ స్వరములు ఎన్ని ప్రయత్నములు మాఱి నిలిచినవో శ్రోతలకు తెలియదు, తెలియవలసినవారు విద్యార్థులు.

నాల్గవ ఉదాహరణము విశ్వవిద్యాలయమునకు మఱింత దగ్గరది. శ్రీ బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1920లో, పిదప పశ్చిమ గోదావరి జిల్లాలో చేరిన నిడదవోలున జన్మించిరి. తండ్రి వేంకటరావుగారు వేంకటపార్వతీశ కవులలో ఒకరు. రజనీకాంతరావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తెలుగు సాహిత్యము నభ్యసించి, 1941లో మదరాసు ఆకాశవాణిలో చేరిరి. అక్కడను, 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రమునను ఆయన గీతములు రచించి స్వరపఱచిరి. విజయవాడ 'భక్తిరంజని' ఆయన చేతులమీదుగా రూపొందినది. 1958లో వెలువడిన ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. విశ్వవిద్యాలయము ఆయనకు మాతువు నిచ్చినది. ధాతువును ఆయన ఇతరత్ర గడించుకొనిరి. ప్రసారముహూర్తము నిర్ణీతమై, గాయకులు వాద్యకులు ఎదుట కూర్చుండి, వ్రాసినది ఆ దినముననే వినబడు ఆకాశవాణి కేంద్రము ఆయనకును, ఆ తరమువారికిని రచనాశాలయైనది. అచ్చట గురువు స్థానమును సహోద్యోగి, గాయకుడు, శ్రోత పంచుకొనిరి.

ఈ నలుగురి చరిత్రలను ప్రక్క ప్రక్కన నిల్పి చూచినచో రెండు విషయములు తేలును. మొదటిది, రచనాశక్తి ఎవరియందును తరగతి పాఠము వలన మాత్రమే పక్వము కాలేదు. గురువో, తండ్రియో, వృత్తిరంగమున సహచరుడో ఒక్కొక్కని రచనను ఒక్కొక్కటిగా విన్నప్పుడే పక్వమైనది. రెండవది, మన విశ్వవిద్యాలయములు సంగీతమును స్వీకరించినప్పుడు లక్ష్యము, లక్షణము అను రెండు భాగములను ప్రణాళికలలో చక్కగా నిలిపినవి. పాడవలసిన కృతులు ఇన్ని, చదువవలసిన గ్రంథములు ఇన్ని యని నిర్ణయించుట సుకరము, పరీక్షించుటయు సుకరము. ఇచ్చిన సాహిత్యమునకు వరుస కట్టుమని ఒక ప్రశ్న అక్కడక్కడ ఉండవచ్చునేగాని, సంవత్సరము పొడుగునను విద్యార్థి రచనను వారము వారము విని దిద్దు పాఠము ప్రధానాంగముగా నుండుట అరుదు. అందుచే పట్టము పొందిన విద్యార్థి పూర్వుల కృతులకు మంచి వాహకుడగుచున్నాడు. కొత్త కృతికి కర్తయగుట అతని అదృష్టముమీద విడువబడినది.

దీనికి రెండు ఆక్షేపణములు రావచ్చును. రచన ప్రతిభాజన్యము, నేర్పిన వచ్చునది కాదందురు. ప్రతిభ నేర్పబడదనుట సత్యమే. కాని మన ఆలంకారికులు ప్రతిభతోపాటు వ్యుత్పత్తిని, అభ్యాసమును కావ్యహేతువులుగా పేర్కొనిరి. కవిత్వమునకు అంగీకరించిన సూత్రమును కృతికి నిరాకరించుటకు కారణము లేదు. ఒక్క విద్యార్థికి ఒక్క ఆచార్యుడనుట వ్యయసాధ్యమనుట రెండవ ఆక్షేపణము. పరిశోధక విద్యార్థికి పర్యవేక్షకుని నియమించునప్పుడు విశ్వవిద్యాలయము సరిగా ఈ పద్ధతినే అనుసరించుచున్నది. సిద్ధాంతవ్యాసపు అధ్యాయమును ఆచార్యుడు చదివి అంచులయందు గుర్తులు పెట్టి తిరిగి ఇచ్చుట ఏకశిష్య పాఠమే. అధ్యాయమునకు దక్కిన ఆదరము అనుపల్లవికి దక్కకుండుటకు హేతువు వ్యయము కాదు, అలవాటు.

కావున రెండు కార్యములు ఆవశ్యకములని తోచుచున్నది. సంగీత శాఖయు తెలుగు శాఖయు కలసి స్నాతకోత్తర స్థాయిలో కొద్దిమంది విద్యార్థులకైనను రచనాపాఠమును ఏర్పఱుపవలెను. విద్యార్థి మాతువును తెలుగు ఆచార్యుడు, ధాతువును సంగీతాచార్యుడు వారము వారము పరిశీలించి, ప్రతి రూపమును తేదీతో భద్రపఱుపవలెను. తుది కృతినే గాక, దిద్దుబాటుల వరుసను కూడ పరీక్షకు గ్రహింపవలెను. పరిశోధక విద్యార్థులు చేయదగిన రెండవ కార్యము మఱింత త్వరపడవలసినది. బాలమురళీకృష్ణగారు 2016లోను, నేదునూరివారు 2014లోను, పినాకపాణిగారు 2013లోను, రజనీకాంతరావుగారు 2018లోను దివంగతులైరి; శంకరశాస్త్రిగారు 1987లోను, చిట్టిబాబుగారు 1996లోను అంతకుముందే గతించిరి. వారి పాఠములను ఎదుట కూర్చుండి విన్న శిష్యులు ఇంకను ఉన్నారు; వారును వృద్ధులగుచున్నారు. స్వరలిపి వ్రాసికొన్న నోటుపుస్తకములు, కొట్టివేతలున్న చిత్తుప్రతులు, పాఠవేళ ఎక్కించిన టేపులు ఇండ్లలో మూలబడియున్నవి. తుది ప్రతి అచ్చయినది కదా యని చిత్తుప్రతిని పాఱవేయుట మన గృహములలో ఆచారము. రచనా చరిత్రకు ఆ చిత్తుప్రతియే శాసనము.

తాళపత్ర గ్రంథముల పాఠభేదములను పరిశీలించి పరిష్కరించుటలో తెలుగు శాఖలు గొప్ప సంప్రదాయమును నెలకొల్పినవి. ఒక పదమునకు రెండు పాఠములున్నచో కవి హృదయమేదియో నిర్ణయించుటకు పుటలకు పుటలు వ్రాయుదురు. ఆ శ్రద్ధనే కృతుల చిత్తుప్రతులపై చూపినచో, గురువు ఒక స్వరమును ఏల మార్పించెనో, శిష్యుడు ఒక మాటను ఏల విడిచెనో మనము తెలిసికొనగలము. ధవళేశ్వరము దిగువన గోదావరీజలము కాలువలుగా, పంటబోదెలుగా చీలి తుదకు ఒక్కొక్క మడికి వేఱువేఱుగా అందును. విద్యయు అట్లే ఒక్కొక్కనికి వేఱుగా అందవలసినది. ఆ పంపకము జరిగిన తీరును గ్రంథస్థము చేయుట నేటి పరిశోధకుల వంతు.